పక్షవాతం వచ్చిన మనిషి ఇంట్లో మళ్లీ తిరగాలంటే

మా నాయినకు పన్నెండేళ్లుగా షుగర్, బీపీ. రెండేళ్ల కింద నాట్ల టైంలో కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. హాలియా దగ్గర మాది చిన్న పల్లె. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు మందుల చీటీ ఇచ్చారు కానీ, ఇంట్లో మనిషిని ఎట్లా లేపాలో, ఎట్లా నడిపించాలో ఎవరూ చెప్పలేదు. అవన్నీ తర్వాత ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకున్నాను.

ముందు మంచం మార్చండి. నులక మంచం కుంగుతుంది, అందులోంచి లేవడం బాగున్నవాళ్లకే కష్టం. చెక్క మంచం వేసి, కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనేలా చూడండి. మాది తక్కువ ఎత్తని కోళ్ల కింద ఇటుకలు పెట్టాం. పడిన వైపు గోడకు ఉండాలి, బాగున్న వైపు నుంచి దిగాలి.

లేపేటప్పుడు మేం చేసిన తప్పు మీరు చేయకండి. మొదటి మూడు వారాలు నాయిన కుడి చేయి పట్టి లాగాం. పట్టు లేని భుజం కదా, కీలు జారి, రాత్రంతా నొప్పికి మూలిగేవాడు. చేయి పట్టుకోవద్దు. నడుముకు తువ్వాల గట్టిగా కట్టి దాన్ని పట్టుకోండి. పాదాలు కొంచెం వెనక్కి జరిపించి, ముందుకు వంగమనండి. 'ముక్కు మోకాళ్ల మీదికి రావాలె నాయినా' అంటే నాయిన వంగేవాడు, పిర్రలు వాటంతట అవే పైకి లేచేవి. మన బలం పెద్దగా అక్కర్లేదు.

చొక్కా తొడిగేటప్పుడు పడిన చేయి ముందు, విప్పేటప్పుడు బాగున్న చేయి ముందు.

మా బాత్రూం వాకిట్లో, మధ్యలో గడప. కర్ర ఎడమ చేతిలో, అంటే బాగున్న చేతిలో ఉండాలి. గడప ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు పడిన కాలు ముందు. గోడకు పైపు పెట్టమంటే మేస్త్రీ అలవాటు ప్రకారం కుడి వైపు బిగించాడు. ఆ చేయే లేదు కదా, మళ్లీ విప్పించి ఎడమ వైపు పెట్టించాం. కింద కూర్చునే లెట్రిన్ అయితే కమోడ్ కుర్చీ కొనండి.

షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. రోజూ రాత్రి టార్చి వేసి వేళ్ల సందులు, మడమలు చూస్తాను. ఒకసారి కుడి పాదంలో తుమ్మ ముల్లు విరిగి ఉంది, చుట్టూ చీము పట్టింది, నాయినకు తెలియనే లేదు. స్నానం నీళ్లు మీ మోచేయి పెట్టి చూశాకే పోయండి. వెనక పట్టీ ఉన్న చెప్పులు వేయండి.

అన్నిటికన్నా కష్టమైంది అమ్మను ఆపడం. ప్రేమకొద్దీ ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. ఎడమ చేత్తో తింటే ఇరవై నిమిషాలు పడుతుంది, సగం కింద పడుతుంది, పడనీయండి. మనం చేసిపెట్టిన ప్రతి పనీ వాళ్ల చేతి నుంచి జారిపోతుంది. ఇప్పుడు నాయిన గ్లాసు తానే పట్టుకుంటాడు, గుండీలు మాత్రం ఇంకా నేనే పెడతాను.

వైకల్యం 40 శాతమో ఆ పైనో ఉందని సర్టిఫికెట్ వస్తే, అర్హత ఉన్నవాళ్లకు మా తెలంగాణలో నెలకు 4,016 రూపాయల పింఛను ఉంది. మీసేవలో అడగండి. ఆస్పత్రి కాగితాలు, స్కానింగ్ అన్నీ దాచిపెట్టండి.

బీపీ మాత్ర ఒక్క పూట కూడా మానిపించకండి. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే భయం ఎక్కువ. మూతి వంకర పోయినా, మాట తడబడినా, చేయి లేవకపోయినా నాటు మందని కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. రక్తం గడ్డ వల్ల వచ్చినదైతే దాన్ని కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటల లోపే ఇస్తారు. డాక్టర్ మొదట అడిగేది ఎన్నింటికి మొదలైందనే, టెన్షన్‌లో మర్చిపోతాం. గోడ మీద బొగ్గుతోనైనా సరే, టైం రాసిపెట్టండి.