అమ్మ పోయాక నిద్ర పట్టనప్పుడు నాకు పనిచేసింది (ఒడిశాలోని రాయగడ నుంచి)

పెద్దకర్మ అయ్యి చుట్టాలంతా పార్వతీపురం, బొబ్బిలి వెళ్లిపోయాక మొదలైంది. రాత్రి నిద్ర లేదు, సాయంత్రమైతే గుండె దడ, అన్నం ముందు కూర్చుంటే ఏడుపు. నిద్రమాత్రలు, తాయెత్తు, ఊరు మార్పు, పనిలో మునిగిపోవడం, ఏవీ నిలవలేదు.

పనిచేసింది టెలీ మానస్, అంటే మనసు బాధలకి ఫోనులో సాయం చేసే నంబరు, 14416. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది. ఇక్కడి మన తెలుగువాళ్లు అడిగేది భాష గురించే. బజారులో ఒడియా బాగానే మాట్లాడతాం, కానీ అమ్మ గురించి చెప్పుకోవాలంటే నాకు తెలుగే కావాలి. ఫోను చేసే ముందు కాగితం మీద రాసుకున్నాను: "అమ్మ పోయింది, నిద్ర పట్టట్లేదు, తెలుగులో మాట్లాడాలి." తొందరపడి ఏదో నొక్కకుండా భాషల వరస మొత్తం విని తెలుగు ఎంచుకున్నాను. గొంతు పూడుకుపోయినా కాగితం చూసి చదివేశాను.

అవతలి ఆవిడ ఏడవనిచ్చింది, అది చాలా పెద్ద సాయం. తర్వాత నిద్ర, తిండి గురించి అడిగి, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగింది. ఆ ప్రశ్నకి భయపడకండి, ఉన్నదున్నట్టు చెప్పండి. రోజూ సాయంత్రం ఎవరితోనైనా అమ్మ గురించి కాసేపు మాట్లాడమంది. తమ్ముడితో కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టాక, మెల్లగా నిద్ర వచ్చింది.

నాకు తమ్ముడు పక్కనే ఉన్నాడు, అందుకే కుదిరిందేమో. అందరికీ ఇంతే చాలుతుందని అనలేను. నెలలు గడిచినా తగ్గకపోతే జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యుల్ని అడగండి. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఆగకండి, ఇంట్లో ఒకరికి చెప్పి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.