చిలుకనో తాబేలునో కొనేముందు చూసుకోవాల్సినవి

అడ్వాన్స్ కట్టకముందే ఇవి తేల్చుకోండి.

• జాతి ఏది? ఇదే అసలు ప్రశ్న. జామచెట్టు మీద వాలే రామచిలుక, కొండ గోరింక, నక్షత్ర తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. కొనడమే కాదు, ఇంట్లో పెట్టుకోవడమూ నేరమే. నక్షత్ర తాబేలు ఆ చట్టంలో అత్యంత రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్‌ (జాబితా)లో ఉంది: కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్ల జైలు, పైగా 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. ఇంట్లో ఉంటే లక్ష్మి వస్తుందని అమ్మేవాడు చెప్తాడు. ఫారెస్టు వాళ్లు వస్తే వాడు కనిపించడు.

• విదేశీ జాతైతే కాగితాలు అడగండి. ఆఫ్రికన్ గ్రే చిలుక, ఇగ్వానా (పెద్ద బల్లి), బాల్ పైథాన్ (కొండచిలువ) లాంటివి అదే చట్టానికి 2022లో చేసిన సవరణతో నాలుగో షెడ్యూల్‌లోకి వచ్చాయి. చేతికొచ్చిన 30 రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. పిల్లలు పుట్టినా, వేరేవాళ్లకిచ్చినా, చనిపోయినా తెలపాలి. బడ్జీలు, కాక్‌టీల్‌లు అనే చిన్న విదేశీ చిలుకలకు ఈ తతంగం లేదు.

• వాట్సాప్‌లో ఫొటో పంపి, "దత్తత" అంటూ డబ్బు అడిగేవాళ్లతో బేరమే వద్దు.

• ఎర్రచెవుల బుల్లి తాబేలు పళ్లెమంత అవుతుంది, దశాబ్దాలు బతుకుతుంది. విసుగొచ్చి చెరువులో వదిలితే స్థానిక తాబేళ్లకు ముప్పు.

• ఇప్పటికే ఇంట్లో రామచిలుక ఉందా? రెక్కలు కత్తిరించిన పక్షిని గాల్లోకి వదిలితే కాకులకే ఆహారం. అటవీశాఖకు ఫోన్ చేసి అప్పగించండి.