చేపల తొట్టిలో నీరు చెడినప్పుడు: లక్షణం, కారణం, పరిష్కారం

తొట్టిని పూర్తిగా ఖాళీ చేసి, గులకరాళ్లనూ ఫిల్టర్‌నూ కుళాయి కింద తోమి, కొత్త నీరు నింపిన రెండు మూడు రోజులకే నీరు పాలు కలిపినట్లు తెల్లబారితే, లోపం శుభ్రత చాలకపోవడం కాదు. అతిగా శుభ్రం చేయడమే. చేపల విసర్జనల నుంచి, తినగా మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఫిల్టర్ స్పాంజ్‌లోనూ గులకరాళ్ల మీదా స్థిరపడిన కొన్ని బ్యాక్టీరియాలు దానిని నైట్రైట్‌గా, మరికొన్ని ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. క్లోరిన్ ఉన్న కుళాయి నీటితో కడిగితే ఈ బ్యాక్టీరియాలే నశిస్తాయి. వాటి స్థానంలో నీటిలో తేలియాడే వేరే బ్యాక్టీరియా విపరీతంగా పెరగడం వల్లనే ఆ తెలుపు కనిపిస్తుంది.

అప్పుడు మళ్లీ కడగకూడదు. మేత సగానికి తగ్గించి, ఫిల్టర్‌ను రాత్రింబవళ్లు నడవనిస్తే సాధారణంగా నీరు తనంతట తానే తేటబడుతుంది. ఈలోగా పరీక్షా కిట్‌తో నీటిని చూస్తుండాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి; ఏ ఒక్కటి కనిపించినా నాలుగో వంతు నుంచి సగం వరకు నీరు మార్చాలి. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది కనుక, అంతవరకు చేపలను ఒకేసారి ఎక్కువగా వదలకపోవడం మంచిది.

చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి

అన్నిటికన్నా ముందుగా పట్టించుకోవలసిన లక్షణం ఇది. వేసవిలోనో, మొక్కలు దట్టంగా ఉన్న తొట్టిలో తెల్లవారుజామునో ఇలా జరిగితే ప్రాణవాయువు తగ్గిందని అనుకోవచ్చు, ఎందుకంటే వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది, రాత్రిపూట మొక్కలు కూడా దానినే వాడుకుంటాయి. ఎయిర్ పంప్ పెట్టి, ఫిల్టర్ నుంచి వచ్చే నీరు పైభాగాన్ని కదిలించేలా అమర్చాలి. నీరు బాగా కదులుతున్నా చేపలు అలాగే ఉంటే అమ్మోనియానో నైట్రైట్‌నో అనుమానించాలి. నైట్రైట్ రక్తంలో చేరి, ప్రాణవాయువును మోసే శక్తినే దెబ్బతీస్తుంది. అప్పుడు ఎంత గాలి పంపినా చాలదు, వెంటనే సగం నీరు మార్చాలి. నీరు మార్చిన కాసేపటికే ఈ లక్షణం మొదలైతే కారణం చాలావరకు క్లోరినే. నీటిని 24 గంటలు నిల్వ ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది గానీ క్లోరమైన్ (నీటి శుద్ధికి వాడే, క్లోరిన్, అమ్మోనియా కలిసిన పదార్థం) పోదు కాబట్టి, క్లోరిన్ తొలగించే ద్రావణం వాడడమే నమ్మదగిన మార్గమని నా అభిప్రాయం. కొత్త నీటి వేడి తొట్టి నీటి వేడికి దగ్గరగా ఉండేలా కూడా చూసుకోవాలి.

నీరు ఆకుపచ్చగా మారింది

నేరుగా పడే ఎండ, గంటల తరబడి వెలిగే దీపం, పేరుకున్న నైట్రేట్ ఇందుకు కారణాలు. నీరు మార్చినంత మాత్రాన ఇది ఆగదు. తొట్టిని కిటికీకి దూరంగా జరిపి, దీపాన్ని రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలకు పరిమితం చేయాలి. కొత్త తొట్టి అద్దాలపై పట్టే గోధుమరంగు పొర గురించి కంగారు అవసరం లేదు. స్పాంజ్‌తో తుడిస్తే పోతుంది, రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది.

దుర్వాసన వస్తోంది, ఫిల్టర్ ధార సన్నబడింది

వాసన గులకరాళ్ల మధ్య కుళ్లుతున్న మేతది. వారానికోసారి సైఫన్ గొట్టంతో అడుగు మురికిని లాగుతూ, దానితోపాటే నాలుగో వంతు నీరు తీసేయాలి. చేపలు రెండు నిమిషాల్లో తినగలిగినంత మేతే వేయాలి. ధార సన్నబడితే, మురికి పట్టిన ఫిల్టర్ స్పాంజ్‌ను తొట్టిలోంచి తీసిన ఆ నీటిలోనే పిండి కడగాలి. విద్యుత్తు పోయి ఫిల్టర్ చాలా గంటలు ఆగినప్పుడు కూడా, లోపల నిలిచిన నీటిని పారబోసి, స్పాంజ్‌ను అదే విధంగా కడిగాకే మళ్లీ నడపాలి. లేకపోతే ఆ కుళ్లిన నీరంతా ఒక్కసారిగా చేపల మీదికి వస్తుంది.

అద్దం అంచున తెల్లని చారలు

కఠిన జలంలోని లవణాలు నీరు ఆవిరైన చోట ఇలా మిగులుతాయి. వెనిగర్‌లో తడిపిన గుడ్డతో, చుక్క కూడా లోపల పడకుండా తుడవాలి. సబ్బు మాత్రం తొట్టికి గానీ, దానికి వాడే బకెట్‌కు గానీ ఎన్నడూ తగలకూడదు.