చిన్న కారును నడిపి చూసేటప్పుడు

హుషారైన చిన్న కారు కొనదలచినవారు ఐ20 ఎన్ లైన్ వంటి టర్బో పెట్రోలు కారునూ, టియాగో ఈవీ వంటి విద్యుత్ కారునూ ఒకే రోజున, ఒకే దారిలో నడిపి చూడాలి. వెనుక వాహనాలేవీ లేనప్పుడు వేగం బాగా తగ్గించి, యాక్సిలరేటర్‌ను మళ్ళీ నొక్కితే, టర్బో ఇంజను ఊపందుకోవడానికి ఒక క్షణం తీసుకుంటుంది. విద్యుత్ కారులోని మోటారు మాత్రం వెంటనే స్పందిస్తుంది. ఆ తొలి ఊపుకే మురిసిపోకూడదు.

టియాగోలో, బండి నెమ్మదించేటప్పటి శక్తిని తిరిగి బ్యాటరీకి పంపే రీజెన్‌ను 3వ స్థాయికి పెట్టి, స్పీడ్‌బ్రేకర్ కనిపించగానే పెడల్ మీది నుంచి పాదం తీయండి. బ్రేకు తొక్కకుండానే బండి ఎంత నెమ్మదిస్తుందో అరికాలికి తెలుస్తుంది. బ్యాటరీ పూర్తిగా నిండి ఉంటే ఈ ప్రభావం తగ్గవచ్చు కనుక, కొంత చార్జింగ్ ఖర్చయిన బండినే అడగాలి. మలుపుల్లో స్టీరింగ్ ఇచ్చే ఆనందానికి మాత్రం నా ఓటు ఇప్పటికీ ఎన్ లైన్‌కే. రోజువారీ ట్రాఫిక్‌కైతే నిస్సందేహంగా టియాగో.