ఓటీపీ రాలేదు, డబ్బు మాత్రం పోయింది: ముందు చూడాల్సింది ఫోన్ కాదు

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం ఎక్కడైనా ఒకటే మాట: "ఎవరికీ ఓటీపీ చెప్పలేదు, కార్డు ఇంట్లోనే ఉంది, ఖాతాలో పదివేలు లేవు." వెంటనే సిమ్ మార్చేస్తారు. పాస్‌బుక్‌లో ఆ వరస మాత్రం చదవరు. అక్కడ ఏఈపీఎస్ (ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతి) అని ఉంటే డబ్బు పోయింది వేలిముద్ర మీద. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు ఉంటే చాలు, ఓటీపీ అడగదు.

అసలు కారణం: "వేలు పడలేదు, మళ్లీ పెట్టండి"

ఊళ్లో బ్యాంకు తరఫున వేలిముద్రకు డబ్బిచ్చే మినీ బ్యాంకులో ఈ మాట నిజమే కావచ్చు. పొలం పని చేసే చేతులకు గీతలు అరిగిపోతాయి. మోసం దాక్కునేదీ అక్కడే: మొదటిసారే మీ ఖాతాలోంచి డబ్బు తీసేస్తారు, రెండోసారి పెట్టిన వేలికి మాత్రమే మీ చేతికి నోట్లు ఇస్తారు. సిమ్ కొట్టులోనూ ఇదే పద్ధతి, రెండో ముద్రకు మీ పేరున ఇంకో సిమ్ లేస్తుంది.

తేల్చుకోవడం సులువు. మై ఆధార్ సైటులో అథెంటికేషన్ హిస్టరీ తెరవండి. ఆరు నెలల వరకు ఏ రోజు, ఏ నిమిషాన, ఏ సంస్థ మీ ఆధార్ వాడిందో, అది సఫలమా విఫలమా చూపిస్తుంది. "పడలేదు" అన్న నిమిషం పక్కన సఫలం అని ఉంటే గట్టిగా అనుమానించాల్సిందే. ఇకపై వేలు పడకపోయినా రసీదు అడగండి; ఫెయిలైనదానికీ మిషన్ రసీదు ఇస్తుంది.

మీరు అసలు వేలే పెట్టని రోజున సఫలం కనిపిస్తే, భూమి కాగితాల మీది ముద్ర నుంచి నకలు తీసి ఉండొచ్చు.

ఏం చేయాలి

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మూడు పనిదినాల్లోపు బ్యాంకులో రాతపూర్వకంగా ఇచ్చి, ముద్ర వేయించిన నకలు ఉంచుకోండి. తప్పు మీదీ బ్యాంకుదీ కాకపోతే, ఆ గడువులో చెప్పినవారికి నష్టం అంటదని 2017 జూలై నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ చెప్పింది. అదే రోజు ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ వేయండి, అప్పుడు మీ వేలిముద్ర ఎక్కడా పనిచేయదు. రేషన్‌కు వెళ్లేముందు తాత్కాలికంగా తెరవాలి, లేకపోతే డీలరు దగ్గర వేలు నిజంగానే పడదు.

మిగతావి

తెలియని సిమ్‌లు: ప్రభుత్వ సైటు సంచార్ సాథీలో చూసి "నాది కాదు" నొక్కండి. తీసుకోని అప్పు: మీ పేరున ఉన్న అప్పులు చూపే సిబిల్ రిపోర్టు ఏడాదికి ఒకసారి ఉచితం. వ్యాపారులైతే జీఎస్టీ సైటులో మీ పాన్‌తో వెతకండి, మీకు తెలియని రిజిస్ట్రేషన్ ఉంటే అక్కడే బయటపడుతుంది. సిమ్ స్వాప్ (మీ నంబరు వేరేవాళ్లు తమ సిమ్‌లోకి మార్చుకోవడం) అనుమానం గంటలకొద్దీ సిగ్నల్ పోయినప్పుడే పెట్టుకోండి.