నవల చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: కలం ఎవరి చేతిలో ఉంది?

పోయిన పాఠంలో రెండు తేదీలు రాసుకోమన్నాను. కథ జరిగిన కాలం ఒకటి, నవల అచ్చయిన సంవత్సరం ఇంకొకటి. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఈసారి దాంతో పని ఉంది.

ఈ వారం మీరు పట్టుకోవాల్సింది నవల లోపల కూర్చుని ఇంకో పుస్తకం రాస్తున్న మనిషిని. దొరకగానే పేజీ మడత పెట్టండి. చిక్కడపల్లి లైబ్రరీ పుస్తకమైతే మాత్రం చీటీతో సరిపెట్టుకోండి, తర్వాత చదివేవాళ్లు తిట్టుకుంటారు.

ముందు నైజీరియా రచయిత చినువా అచెబె నవల 'థింగ్స్ ఫాల్ అపార్ట్' చివరి పేరా తీయండి. అచ్చయింది 1958లో, నైజీరియాకి స్వాతంత్ర్యం ఇంకా రెండేళ్ల దూరంలో ఉంది. కథ మాత్రం తెల్లవాళ్లు అప్పుడే వచ్చి పాతుకుంటున్న రోజులది. కథానాయకుడు ఒకాంక్వో ఉరేసుకున్నాడు. అది చూసి వెనక్కి వెళ్తూ తెల్లవాడైన జిల్లా కమిషనర్ తను రాయబోయే పుస్తకం గురించి ఆలోచిస్తాడు. ఇతని మీద ఒక అధ్యాయం రాయొచ్చు అనుకుంటాడు, అంతలోనే అంత ఎందుకు, ఒక పేరా చాల్లే అనుకుంటాడు. 25 అధ్యాయాలుగా మనం వెంట నడిచిన మనిషి అతనికి ఒక పేరా! ఆ పుస్తకం పేరులో 'శాంతింపజేయడం' అనే అర్థమిచ్చే మాట ఉంది. దాని కింద పెన్సిల్‌తో గీత గీయండి. వెనక్కి వెళ్లి అబామె ఊరి సంగతి మళ్లీ చదవండి: సంత రోజున తెల్లవాళ్లు మనుషుల్ని వెంటేసుకొచ్చి, చుట్టుముట్టి జనాన్ని కాల్చేశారు. శాంతింపజేయడం అంటే అది.

ఇప్పుడు చిమమాండా అడీచీ 'హాఫ్ ఆఫ్ ఎ యెల్లో సన్'. అచ్చయింది 2006లో. కథ బయాఫ్రా యుద్ధానిది, అంటే 1967 నుంచి 1970 దాకా నైజీరియాలో జరిగిన అంతర్యుద్ధం. రచయిత్రి పుట్టింది 1977లో, అంటే తను చూడని యుద్ధం. మొదటి అధ్యాయం నెమ్మదిగా చదవండి. పల్లె నుంచి పనికి వచ్చిన ఉగ్వు, ప్రొఫెసర్ ఇంట్లో ఫ్రిజ్ తెరిచి చూసి చికెన్ ముక్కలు నిక్కరు జేబుల్లో కుక్కుకుంటాడు. ఆ ప్రొఫెసరే వాడికి చెప్తాడు: నైజర్ నదిని ముంగో పార్క్ కనిపెట్టాడన్నది చెత్త మాట, కానీ పరీక్షలో మాత్రం అదే రాయి. గైడు బట్టీపట్టి పాసైన మనకి ఈ సీన్ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఈ నవల్లోనూ మధ్యమధ్య ఒక పుస్తకం ముక్కలు వస్తాయి. రాస్తున్నది ఆంగ్లేయుడైన రిచర్డ్ అనుకున్నాను నేను, చివరిదాకా. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న నా కాపీలో పాత చదువరి ఎవరో మార్జిన్‌లో అదే పేరు రాసి, తర్వాత కొట్టేశారు. రాసింది ఉగ్వు. (తెలిసిపోయిందని బాధపడకండి, రెండోసారి చదివితేనే ఈ పాఠం పట్టుబడుతుంది.) మేమిద్దరం ఎందుకు అలా అనుకున్నాం? పుస్తకం రాసేవాడు పనివాడు కాడులే అన్న లెక్క మా తలలోదే.

1958కి పక్కన '2006' రాసి, రెండు పుస్తకాల్లో కలం ఎవరి చేతిలో ఉందో ఎదురెదురుగా రాయండి.

ఇంటిపని మన ఊరిదే. 1948 సెప్టెంబర్‌లో సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. దానికి సర్కారు పెట్టిన పేరు 'పోలీస్ యాక్షన్'. సెప్టెంబర్ 17ని విమోచనం అనేవాళ్లున్నారు, విలీనం అనేవాళ్లున్నారు, 2024 నుంచి రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంటోంది. పాతబస్తీ ఉర్దూలో 'సుఖూత్', అంటే పతనం. మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, వాళ్లు ఏ పేరు వాడతారో వాళ్ల మాటల్లోనే, దిద్దకుండా రాసుకోండి. అమ్మమ్మ ఒకటి, తాతయ్య ఇంకొకటి చెప్తే రెండూ రాయండి.

5వ పాఠానికి ఆ కాగితం తెచ్చుకోండి.