చదువుకునే వేళ ఫోన్‌కి రంగు తీసేయండి

సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో చూడండి. పక్కపక్కనే కూర్చున్న స్నేహితులు కూడా బొటనవేలితో తెరని పైకి తోస్తూనే ఉంటారు. తప్పు పూర్తిగా వాళ్లది కాదు. ఈ ఎడతెగని స్క్రోల్‌ని 2006లో అజా రాస్కిన్ అనే డిజైనర్ రూపొందించారు. పేజీ అయిపోతే మనిషి ఆగుతాడు, ఇందులో అయిపోవడమంటూ లేదు. పైగా ఎర్ర చుక్కల నోటిఫికేషన్లు!

ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే ఒక పని చేయండి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి, బెడ్‌టైమ్ మోడ్‌లో గ్రేస్కేల్ ఆన్ చేసి, టైమ్ మాత్రం చదువుకునే వేళకి మార్చండి. (ఐఫోన్‌లో అయితే యాక్సెసిబిలిటీలో కలర్ ఫిల్టర్స్.) తెర నలుపు తెలుపు అయ్యేసరికి రీల్స్ చప్పబడిపోతాయి. ఫిజిక్స్ పాఠానికి ఏ లోటూ రాదు. బయాలజీ బొమ్మలకి మాత్రం రంగు కావాలి, అప్పుడు గ్రేస్కేల్ ఆఫ్ చేయండి.

యూట్యూబ్‌లో ఆటోప్లే కూడా ఆపండి, లేకపోతే లెక్కల క్లాసు వెనకే క్రికెట్ హైలైట్స్ మొదలవుతాయి. పాఠం అయ్యాక ఫోన్ పక్క గదిలో ఛార్జింగ్‌కి పెట్టించండి. టేబుల్ మీద బోర్లా పెడితే చాలదు, చెయ్యి అటే పోతుంది. ఇవన్నీ ముందు అమ్మానాన్నల ఫోన్లలో చేస్తే పిల్లలు గొడవ లేకుండా ఒప్పుకుంటారు.